ఇరవై మూడు పొరలు

ముమ్మిడివరం సెంటర్లో
కింద కొబ్బరికాయల కొట్టు, పైన మా స్టూడియో.
ఆధార్ ఫోటోలు, ఓణీల ఫంక్షన్ ఆల్బమ్‌లు,
రాత్రి తొమ్మిది దాటాక సంతాపం ఫ్లెక్సీలు.

మునుపు దొంగ కాపీతోనే పని.
పొద్దున్నే తెరమీద ఓ పెట్టె లేచి
లైసెన్సు ఏదని నిలదీసేది.
బాకీవాడు కనబడ్డట్టు గబుక్కున మూసేవాణ్ణి.
ఇప్పుడు జింప్. ఏమీ అడగదు.
మెనూ తెలుగులో పెడితే సగమే తెలుగు,
ఎవరో మొదలుపెట్టి
అన్నానికి లేచి వెళ్ళినట్టు.

కూనలంక నుంచి నాగిడి బంగారమ్మ వచ్చింది.
కవర్లో ఎనభయ్యారు వరద తాగిన ఫోటో.
ఇద్దరు పిల్లలు. పెద్దది తను.
పక్కన చెల్లెలికి నుదురూ ఒక కన్నూ మిగిలాయి.
చెంప ఉండాల్సినచోట గోధుమరంగు మరక.
"దానిది ఇంకో ఫోటో లేదండి."

క్లోన్ టూల్ చేసేదింతే:
బాగున్నచోట తీసి పాడైనచోట పూయడం.
అక్క చెంప తీసి చెల్లెలికి పెట్టాను.
పెదవీ అక్కదే.
పొరమీద పొర, ఇరవై మూడు.

"ఎంతయ్యా ఈ మిషను?"
"మిషను అప్పుమీద. లోపలిది ఉచితం."
"మరి చేసినోళ్ళు?"
ఎవరో, ఎక్కడెక్కడో. పేర్లు చూద్దామంటే
తెరమీద జరుగుతూనే ఉంటాయి.

"మా లంకలాగే అన్నమాట.
ఎగువన ఎవరి చేలో మట్టో.
మేం అడగలేదు, ఆళ్ళు పంపలేదు.
ఏటేటా ఓ పొర పడతాది, వంగ ఏస్తాం."
కాసేపాగి,
"పట్టుకుపోయేదీ ఆ నీళ్ళేలెండి."

పని అయ్యాక తెర అటు తిప్పాను.
బంగారమ్మ చాలాసేపు చూసింది.
"ఇద్దరూ నేనే ఉన్నానయ్యా."

కంట్రోల్ జెడ్. పెదవి పోయింది.
కంట్రోల్ జెడ్. చెవి పక్క నీడ.
పొరలు దిగుతున్నకొద్దీ
మరక మళ్ళీ పైకి తేలుతోంది.
"ఆఁ, అక్కడాపండి."

ఆపాను.
సగం చెంప. నవ్వబోతోందో,
ఎండకి కన్ను చికిలించిందో
నాకైతే తెలియలేదు. ఆవిడకి తెలిసినట్టుంది.
ప్రింటు కాగితానికి మాత్రం డబ్బులు తీసుకున్నాను.

ఆ రాత్రి షట్టరు దించి
మెనూలో ఖాళీగా ఉన్న మాటలు వెతికాను.
హీల్ అనే టూలుకి ఎవరూ తెలుగు రాయలేదు.
"మాపు" అని కొట్టాను.
చూస్తూ కూర్చుని,
మధ్యలో ఒక "న" ఇరికించి
పంపేశాను, దిగువకి.