ఎన్ని గుర్రాలు

సూరాడ పుష్పాంజలి కాయితం మడత ఇప్పి
గ్రీజు బల్ల మీద పరిచింది.
"రెండొందల ఎనభయ్యా, మూడొందల యాభయ్యా, నాలుగొందలా?
ఎన్ని గుర్రాల ఇంజిను ఎట్టమంటావు మావా?"

ముప్పయ్యేళ్ళుగా ఈ కళింగపట్నం రేవులో
నా సేతికొచ్చినవన్నీ
తొమ్మిది గుర్రాలవీ, పది గుర్రాలవీ.
ఉప్పు తినీసిన ప్లగ్గులు,
ఇసక మింగిన పంపులు.
నాలుగొందలంటే నలబై తెప్పల బలం.
"రేవు రేవంతా ఒక్క మూత కింద దాస్తావేటే?"

నవ్వింది. నవ్వితే ముందు పన్ను ఇరిగి కనపడతాది,
గోవాలో బల్ల మీంచి పడినప్పటిది.
నాలుగేళ్ళు అక్కడ ఎవలి బోటుకో తాడు అందించింది.
ఇప్పుడు వంశధార మొగలో, ఏటి నీళ్ళ మీద
తన బోటు తిప్పుతాదట.
అప్పు మంజూరైంది. పొట్టు ఒచ్చింది.
పొట్టలో పెట్టాల్సిందే మిగిలింది.

ఆటలు రెండంట.
బల్ల కాళ్ళకి బిగించి, తాడు పట్టుకు లాగించుకునేది ఒకటి.
దానికి పరుగు కావాల.
రెండోది, తాడు వొగ్గీసి
బోటు ఎనకాల అల మీద నిలబడిపోయేది.
దానికి సైకిలు తొక్కినంత జోరు సాలు.

"మరి అంత మందకొడి ఆటకి అన్ని గుర్రాలేల?"
"బరువు మావా.
నీళ్ళ సంచులు నింపి ఎనక భాగం ముంచుతాం.
ముంచితేనే అల లేస్తాది."

రెంచి కింద పెట్టీసినాను.

మా అయ్య నాకు సెప్పింది ఒకటే మాట:
పడవ నీటిని కోసుకు పోవాల,
నీటితో తగువు పడకూడదు.
ఎనకాల లేచిన అల
నీ డీజిలేరా, అలాగ కారిపోతంది.
ఆ అల సచ్చిపోడానికి
ఎన్ని రెక్కలు సాన పట్టినాను, ఎన్ని పొట్టులు గీకినాను!
ఈ గుంట ఆ అలనే
వాయిదాల మీద కొంటానంటంది.

"నీకు గేపకం నేదా?" అంది.
"ఐసు పెట్టి మూత పొట్ట కింద ఎట్టుకుని
మోకాటి లోతులో కాసుకునీవోల్లం.
అయ్య పడవ నిండి ఒస్తే
ఎనకాల ఇంత అల, ఒడ్డు దాకా మోసీసేది.
కాళీగా ఒస్తే ఏటీ ఉండీది కాదు.
పొద్దుటికి కూర ఉందో నేదో
అమ్మ కంటే ముందు నాకే తెలిసీది."

నాను మాటాడనేదు.
కాయితం నా వైపు తిప్పుకున్నాను.
ఎనిమిది మంది మనుషులు, తొమ్మిదొందల కిలోల నీళ్ళు,
పెట్రోలు, బల్లలు, పొట్టు బరువు.
"రెండొందల ఎనభయ్యైతే
ముక్కు పైకెత్తి దేకుతాది. వొగ్గీ.
నాలుగొందలు తాగుబోతు.
సుట్టాలు నేని వారం దాన్నెవడు మేపుతాడు?
మూడొందల యాభై ఎట్టు,
రెక్క మలుపు తగ్గించు.
బరువు లాగీ ఎద్దుకి పరుగు నేర్పకు.
ఇంకోటి, ఇంజిను కడుపులోనే ఉండాల,
రెక్క బోటు కిందే తిరగాల.
మనిసి అంత దగ్గర నిలబడితే
బయట తిరిగీ రెక్క ఏటి సేస్తాదో"
ఎడమ సెయ్యి బల్ల మీద ఎట్టినాను.
మూడు వేళ్ళు.
అది లెక్క పెట్టి, తల ఊపింది.

మూడొందల యాభై కింద రెండు గీతలు గీసి
స్కూటీ ఎక్కి పోయింది.
మొదటి రోజు సంచులు నింపొద్దనీ,
రేవోల్లని తొమ్మండుగుర్ని ఎక్కించి సూడమనీ
సెప్దామనుకుని మరిసిపోనాను.

సాయంత్రం పడవలు తిరిగొస్తన్నాయి.
రోజూ ఇంజిను సప్పుడు ఇంటాను,
ఏ వాల్వు దగ్గుతందో, ఎవలు రేపు నా కాడికొస్తారోనని.
ఇయ్యాల సప్పుడు ఒగ్గీసి ఎనకాల సూసినాను.
సీకటి దానయ్య పడవ తేలిగ్గా, అందంగా,
నీటిని కోసుకు ఒచ్చింది.
దాని ఎనకాల అల నేదు.