రెండో వైపు, నాలుగో పాట

నా దగ్గర పేరున్న వాళ్లెవరూ దొరకరు.
పెద్ద బ్యాండ్లు కావాలంటే బోఖుమ్‌లో దుకాణాలున్నాయి, వెళ్లండి.
నేను ఏరుకునేవి కలగూరగంప రికార్డులు:
ఒక్కోదాంట్లో తొమ్మిది బ్యాండ్లు, పది బ్యాండ్లు,
తలా ఒక పాట,
తలా ఇంతని చందాలేసుకుని
మూడొందల కాపీలు కొట్టించుకున్నవి.

అట్టమీద పుర్రె ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది.
ఎవరి తమ్ముడో బాల్‌పెన్నుతో గీసిన పుర్రె,
పళ్లు లెక్కపెడితే నలభై దాటతాయి.
పైన "రూర్ లోయ ఉరుములు, మొదటి భాగం" అని రాసుంటుంది.
రెండో భాగం రాలేదు.
నా దగ్గర మొదటి భాగాలు ముప్పై ఒకటి ఉన్నాయి.

వారమంతా ట్రామ్ నడుపుతాను,
వానె నుంచి బోఖుమ్‌కి, బోఖుమ్ నుంచి వానెకి.
ఆదివారం పాతసామాన్ల సంతలో
అరటిపళ్ల అట్టపెట్టెల ముందు మోకాళ్లమీద కూచుంటాను.
క్రిస్మస్ పాటలు, నావికుల పాటలు,
అకార్డియన్ పట్టుకుని నవ్వే లావుపాటాయన,
మళ్లీ క్రిస్మస్ పాటలు,
మధ్యలో సన్నగా ఒక నల్ల వెన్ను.
ముందు వేళ్లకి తెలుస్తుంది, కళ్లకి తరవాత.
వెర్రి వేయి విధాలైతే
నాది వెయ్యిన్నొకటోది అని మా అక్క వాల్‌ట్రౌట్ లెక్క.

ఊరూ పేరూ లేనివాళ్లంటారు కదా,
వీళ్లకి ఆ రెండే ఉన్నాయి.
అట్ట వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఊరు, పేరు.
ఇంకో పాట లేదు, ఫొటో లేదు.
నాలుగు నిమిషాలు గొంతు చించుకుని
గనిలోకో, సైన్యంలోకో, పెళ్లిలోకో దిగిపోయారు.

రెండో వైపు, నాలుగో పాట.
ఐజెన్‌గ్రాబ్, హెర్నె.
మూడో నిమిషంలో డ్రమ్ములవాడు తాళం తప్పుతాడు.
గిటార్లు ఆగుతాయి.
అర లిప్త. అంతే.
పరుగెత్తుకొస్తున్నవాణ్ని అద్దంలో చూసి
నేను తలుపు మూయకుండా ఉంచినట్టు
వాణ్ని ఎక్కించుకుని కదులుతారు.
పద్దెనిమిదేళ్లుగా ఆ చోటు కోసమే సూది దించుతున్నాను.

పోయిన శీతాకాలం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తూ
లిఫ్టులో తనిఖీ చీటీ మీద సంతకం చూశాను:
ఎన్. పీఖా.
అట్ట వెనక ఐజెన్‌గ్రాబ్ కింద అదే పేరు, పక్కన "డ్రమ్స్" అని.

గురువారం వచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పేశాడు.
కాఫీ ముట్టుకోకుండా
పాట చివరిదాకా విన్నాడు.
"ఇది మేం కాదండీ" అన్నాడు.
"మాది దీనికి ముందుది. అచ్చుతప్పు.
మేం ఎన్నడూ తాళం తప్పలేదు."
కొంచెం గర్వంగానే అన్నాడు.

మూడో పాట పెట్టాను.
ఎప్పుడూ సూది ఎత్తి దాటేసే పాట.
అతని వేళ్లు మోకాలిమీద కదిలాయి,
ముప్పై ఏడేళ్ల తరవాత, ఒక్క దెబ్బ పొల్లుపోకుండా.
బాగుందన్నాను.
అబద్ధం.

"మరి నాలుగోది నాఖ్ట్‌షిష్ట్ వాళ్లదా?"
"వాళ్లకి పాడింది ఆడపిల్ల. ఇక్కడ మగగొంతు కదా.
ఎవరో ఆఖరి నిమిషంలో మానుకునుంటారు,
స్టూడియోలో పడున్న టేపు ఏదో అతికించుంటారు.
అడుగుదామంటే స్టూడియో ఆయన లేడు."
వెళ్తూ వెళ్తూ కాఫీ తాగాడు, నిలబడే, చల్లారిపోయింది.

కప్పులు కడిగి పెన్సిల్ తీశాను.
నాలుగో పాట పక్కన పేరు కొట్టేశాను.
తరవాత ఊరు కూడా.
అక్కడ ఏం రాయాలో తెలియక
పెన్సిలు ముక్కు చెక్కుతూ కూచున్నాను చాలాసేపు.

తెల్లారి నాలుగూ యాభైకి మొదటి ట్రామ్.
వానె స్టాపులో ఇద్దరెక్కారు.
అద్దంలో చూశాను, రోడ్డుమీద
పరుగెత్తుకొచ్చేవాళ్లెవరూ లేరు.
తలుపు అర లిప్త తెరిచే ఉంచాను.
వెనక సీట్లో ఎవరో గడియారం చూసుకుని గొణిగారు.