పన్నెండో టేక్

నేలమాళిగలో మోకాళ్ళ మీద కూర్చుని
చల్లారిన ఫర్నేసు పొట్ట విప్పుతున్నాను.
పైన వంటింట్లో రేడియో.
బయట మైనస్ ఇరవై రెండు, జాగ్రత్త అంటోంది.
తర్వాత ఆ నాలుగు స్వరాలు.
నావే.

వేళ్ళు స్పానర్ని వదిలేసి
లేని తీగల కోసం తడుముకున్నాయి.
ఇరవై తొమ్మిదేళ్ళయినా
వాటికి సిగ్గు రాలేదు.

డులూత్‌లో చేపల ఎరలు అమ్మే కొట్టు,
దాని వెనక గది మా స్టూడియో.
ఫ్రిజ్ ఆపితే వానపాములు చస్తాయని
కొట్టాయన ససేమిరా అన్నాడు.
అందుకే పాట పొడవునా అడుగున ఒక రొద.
పత్రికలవాళ్ళు దాన్ని మా తరం ఒంటరితనం అని రాశారు.

డేల్ తన డ్రమ్ములో దిండు కుక్కాడు,
వాళ్ళ అమ్మమ్మది, ఇప్పటికీ తిరిగివ్వలేదు.
లెనోర్‌కి జలుబు.
పదకొండుసార్లు వాయించాం.
పదకొండుసార్లూ పాట
గట్టున పడ్డ చేపలా నోరు తెరిచింది, అంతే.
పన్నెండోసారి, రెండో చరణం మధ్యలో
ఇనుపరాయి మోసుకెళ్ళే ఓడ ఒకటి
వంతెన లేపమని కూత పెట్టింది,
సరిగ్గా మా శ్రుతిలో.
లెనోర్ ఆగలేదు.
కళ్ళు మూసుకుని, కూత అయిపోయేదాకా
ఒక్క మాటని పట్టుకుని సాగదీసింది.
మేం ఊపిరి బిగబట్టి వాయించాం.

బ్యాండు పేరు సాల్ట్ షెడ్. పాట 'ఏడో నంబరు'.
"నువ్వు తిరుగుతూనే ఉన్నావు
నేనింకా తడిగానే ఉన్నాను"
ఇది పల్లవి.

ఏడో ప్రేమికుడు అన్నారు కొందరు.
ఏడో నెల, అన్నారు ఇంకొందరు గొంతు తగ్గించి.
టల్సా నించి ఒక పాస్టరు
దేవుడు విశ్రమించిన రోజని నాలుగు పేజీలు రాశాడు.
మా ముగ్గురికే తెలుసు,
మా వీధి చివరి లాండ్రీలో
ఏడో నంబరు డ్రయ్యరు అది.
చిల్లర మింగేది, వేడి ఇచ్చేది కాదు.

చికాగోలో రెండువేల మంది
లైటర్లు ఎత్తిపట్టి ఏడుస్తుంటే
డేల్ నా వైపు తిరిగి, పెదాలతోనే,
"బట్టలు ఆరాయా?" అన్నాడు.
రికార్డింగులో వినపడుతుంది,
అక్కడ నేను తప్పిన స్వరం.

రెండో పాట కూడా వచ్చింది.
ఎవరి నోటికీ రాలేదు.
ఆరు నెలలకోసారి చెక్కు వస్తుంది.
పోయినసారిది పదకొండు డాలర్ల నలభై సెంట్లు.
కారు అద్దం కడిగే నీళ్ళు కొన్నాను,
గడ్డకట్టని రకం.

లెనోర్ని చివరిసారి చూసింది
డేల్ రెండో పెళ్ళిలో.
కోటు చేతుల్లోకి చేతులు దూర్చుకుంటూ
"అది డ్రయ్యరని మీకలా చెప్పాను" అంది.
ఆ 'అలా' దగ్గర కొంచెం ఆగింది.
తలుపు తీసింది. చలి లోపలికొచ్చింది.
నేను అడగలేదు.

ఇంటాయన, రాగ్నర్ అట పేరు, మెట్లు దిగి వచ్చాడు.
చేతిలో కాఫీ, ఒంటి మీద రెండు స్వెటర్లు.
"ఇప్పుడొక ఓడ కూస్తుంది, వినండి.
మా కుక్క ప్రతిసారీ కిటికీ దగ్గరికి ఉరికేది.
పోయి మూడేళ్ళయింది.
ఇప్పుడు నేనే వెళ్ళి చూస్తున్నాను."

ఓడ కూసింది.
ఆయన నేలమాళిగ కిటికీ వైపు తలెత్తాడు.
అరచేయంత అద్దం, దాని నిండా మంచు.
లెనోర్ మాటని సాగదీస్తూనే ఉంది,
జలుబు గొంతుతో, ఇరవై మూడేళ్ళ వయసుతో.
నేనూ తలెత్తాను.

ఫర్నేసు దగ్గి, నీలంగా అంటుకుంది.
ఆయన అరచేతులు చాపాడు.
బిల్లు రాసి, అందులో
పదకొండు డాలర్ల నలభై సెంట్లు కొట్టేశాను.
ఎందుకని ఆయన అడగలేదు.