ఎడమ మూడు

నాలుగు గొట్టంగనే
బోటు కడుపుల మోకాళ్ళేసి కూచుంటం.
సుత్తె తిరగేసి, కట్టెతోని కొట్టుకుంట పోతం.
ఠంగు. ఠంగు. ఠంగు.
దబ్బు.
ఆడ సున్నపు ముక్కతోని ఒక గీత.

పైనుంచి చూస్తే ఏం తెల్వది.
తెల్లటి ఫైబరు, నీలి పట్టె,
ముక్కు మీద కొత్తగ రాయించిన నంబరు.
"నడుస్తుంటే పరుపు మీద నడిచినట్టుంది" అన్నడు ఖల్ఫాన్ సాబు,
ఇగ చెప్పులిడిచి మడిమెతోని నొక్కి చూపిచ్చిండు.

గ్రైండరు పెట్టి చుట్టూ కోసి మూత లేపితే
గుప్పుమన్నది
పడుగుకు పెట్టంగ మిగిలి
వారం రోజులు మూలకు పడ్డ గంజి వాసన.
ఉమ్మల్ కువైన్ ఖోరు ఒడ్డున, సిరిసిల్ల వాసన!

దూలాలు నాలుగు.
పిడికిట్ల పట్టి పిసికితే నల్లటి పిట్టు,
మునివేళ్ళ సందుల నుంచి నీళ్ళు.
ఎక్కడిదీ నీళ్ళంటే
సీటు బిగిచ్చినోడు లప్పం పెట్టని ఒక్క స్క్రూ సందు.
బొట్టు ఎనక బొట్టు, పదేండ్లు.
సూరాడ ఎర్రయ్యది భావనపాడు, సముద్రం తెల్సినోడు.
"నీటి తప్పేటుందిరా, దారి సూపిత్తే ఎల్తాది" అంటడు,
అని బీడీ చెవుల పెట్టుకుంటడు.
రెసిన్ డబ్బాల కాడ ముట్టియ్యరాదు.

మూడో దూలం కాడ
గ్రైండరు ఆపిన.
కుళ్ళిన దాన్ని తియ్యకుండనే
మీదికెళ్ళి కొత్త చెక్క ఏసి, ఫైబరు కప్పిండు ఎవడో.
పొర గుంజితే, రెసిన్ కింద, పసుపుపచ్చటి అద్దంల
పెన్సిల్ రాత:
ఎడమ 3.

'మ' కొమ్ము పొడుగ్గ సాగదీసిండు,
చిన్నప్పుడు పలక మీద సాగదీసినట్టు.
ముందుగాల సంబురమైంది.
మనోడే.
ఎనకసీరి సిగ్గైంది.
మనోడే.

"ఏం రాసుందది?" సాబు వంగి చూసిండు.
"కొలత" అన్న.

వాని మేస్త్రి చెక్క ఇయ్యలేదో,
ఎల్లుండి విమానమో,
డబ్బాలనే రెసిన్ గడ్డగట్టి పొగ లేచే ఎండనో.
"కప్పెయ్ రాజేశం, రేపటికి దింపాలె"
పొద్దుగాల మా ఫోర్‌మన్ నాతోనీ అన్నడు గద.

కప్పలేదు.
అది నా గొప్ప కాదు. ఎర్రయ్య చూస్తుండె.

మంచి కట్టె తగిలేదాక కోసినం.
ఫైబరు తాను విప్పితే
పడుగూ పేకా సక్కగ కనబడుతయి.
పద్నాలుగేండ్లు సాంచ నడిపిన చెయ్యి
ఊకోదు, అంచు దేవులాడుతది.
అంచు లేదు దీనికి.
ఎవలు కట్టుకోరు, ఎవలు ఉతకరు.
రెసిన్ తాగినకొద్దీ దారం దారం మాయమైతది.
బట్ట కండ్లకు కనబడకుంట పోయిందంటే
పని కుదిరినట్టు.
రోలరుతోని ఒత్తి ఒత్తి బుడగలు ఎల్లగొట్టిన.
ఒక్కటి ఉన్నా రేపు అదే సందు.

కొత్త దూలం మీద గుర్తు పెట్టాలె గద,
పెన్సిల్ తీసి రాసిన: ఎడమ 3.
పేరు రాద్దామనుకున్న.
రెసిన్ అప్పటికే చిక్కబడుతున్నది.

రాత్రి ఒళ్ళంత గాజు నూగు,
మెడకు, మోచేతి మడతలకు.
చన్నీళ్ళతోనే కడగాలె,
ఉడుకునీళ్ళకు తోలు నోరు తెరిచి లోపలికి గుంజుకుంటది.
జూన్ నెలల ఈడ నల్లా తిప్పితే ఉడుకుడుకు నీళ్ళే.
అందుకే నిన్నటి నీళ్ళు బకెట్లకు పట్టి
మంచాల కింద దాచుకుంటం.

ఆ పాత ముక్కను కుప్పల ఎయ్యలేదు.
బకెట్ల పక్కకు పెట్టిన.
"ఎందుకురా అది?" ఎర్రయ్య గోడ దిక్కు తిరిగి అడిగిండు.
ఏమో అన్న.

తెల్లారి చూస్తే
దాని కింద బండ మీద
అరచెయ్యంత తడి.
ఇంక ఎండుతనే ఉన్నది.