మారుబేరం

ములుగు రోడ్డుమీద మోటార్ల వైండింగు షాపు పైన
పదికి పన్నెండు గది.
కింద వార్నిషు కాగే వాసన,
పైన నేను, ఓదెలు, రెండు కంప్యూటర్లు,
పెచ్చు ఊడినకాడ అంటించిన
పరకాల, నర్సంపేట, భూపాలపల్లి మ్యాపు.
ఆరేండ్లు ఇదే మా అంగడి.
తక్కెడ లేదు, తడక లేదు,
వానొస్తే మూట గట్టుకొని ఉరికే పని లేదు.

"ఐదు హెచ్‌పీ మోటరు, ఒకసారి కాలింది, మళ్ళ చుట్టించిన."
"పవర్ టిల్లరు, ఎడమ చక్రం కొత్తది."
"స్ప్రేయరు. నాజిల్ లేదు. ఉన్నదున్నట్టు చెప్తున్న."
ఇట్ల రాసేటోళ్ళ దగ్గర
నూటికి మూడు తీసుకొని బతికినం.
మారుబేరం అని పేరు పెట్టింది ఓదెలే.
ఆ పేరు తనకే ఒకనాడు తగులుతదని
ఇద్దరికీ తోచలే.

ఎందుకమ్ముతున్నవని అడిగితే
ఒక్కో దినం ఒక్కో జవాబు చెప్తున్న.
పెద్ద కంపెనీ కమీషను లేకుంటనే పెట్టనిస్తున్నదని,
రెండు కార్లు మిర్చికి తామర పురుగు తగిలి
ఎవ్వలూ ఏమీ కొనలేదని,
రాత్రి పన్నెండుకు ఫోనెత్తి ఎత్తి యాష్టకొచ్చిందని.
అన్నీ నిజాలే. ఏదీ సరిపోదు.

కొనేటోళ్ళు హైదరాబాదు నుంచి వచ్చిండ్రు.
మర్యాదస్తులు. చాయ్ తాగి గ్లాసులు వాళ్ళే తీసి పెట్టిండ్రు.
వకీలు పట్టీ చదివిండు:
పేరు, బొమ్మ, కోడు, ఫోను నంబరు,
పదకొండు వేల నాలుగు వందల మంది వివరాలు.
"గుడ్‌విల్‌కు ఎంత వేద్దామండీ?"
అదేందని ఓదెలు నా దిక్కు చూసిండు.
మంచిపేరు, అన్న.
"అది మందిది గదా" అన్నడు,
"మనమెట్ల అమ్ముతం?"
వకీలు నవ్వి ఒక అంకె వేసిండు.
ఆ అంకె చూసి నేను నోరు మూసుకున్న.

పట్టీలో లేనిది ఒకటున్నది.
అమ్మేటోనికి ఫోన్ చేసి, మోటరు వెయ్యుమని,
ఫోను దానికాడ పెట్టుమని,
ఓదెలు కండ్లు మూసుకొని వినేటోడు.
"బేరింగు అరుస్తున్నది, ఎనిమిది వందలు తగ్గియ్యి."
అవతల కాసేపు ఎవ్వలూ మాట్లాడకపోదురు.
తర్వాత, సరే అన్న, సరే.
దీన్ని ఏ వరుసల రాస్తరని అడిగిన.
"శిక్షణ. ముప్పై రోజులు" అని రాసుకున్నరు.

మా తాత ఎద్దునమ్మితే పలుపు ఇయ్యకపోతుండె.
గొడ్డు పోయినా కొట్టం పాడువడొద్దని
మెడ నుంచి విప్పుకొని భుజాన వేసుకొని వస్తుండె.
నేను స్టాంపు కాగితం ఆ కొస నుంచి ఈ కొసకు వెతికిన.
విక్రేత చిలువేరు సులోచన, ఇందుమూలముగా, సమస్త హక్కులతో.
పలుపు కూడా రాసిచ్చిన.

ఆఖరుది ఫోన్లనే అయిపోయింది.
ఆరంకెలొచ్చినయి. కింద ఎప్పటి మాటే:
ఎవరికీ చెప్పవద్దు.
ఆరేండ్లు ఆ మాటే ఊరూరికీ చెప్పిన,
ఎవ్వలడిగినా అంకెలియ్యకుండ్రి, బ్యాంకోల్లమన్నా సరే అని.
అవతల శ్రీహిత అనే పిల్ల ఎదురు చూస్తున్నది.
"లాభం" అన్న.
"సారీ మేడం? ఏమన్నారు?"
మా అమ్మ మానికతోని జొన్నలు కొలిచినప్పుడు
మొదటిది ఎన్నడూ ఒకటి కాదు.
"ఒకటి" అన్న. "ఏడు. రెండు. సున్న."
కడమ రెండూ చెప్పిన.

తెర ఒకసారి తెల్లగైంది.
మళ్ళ లోపలికి పోవాలంటే
నీ పేరేంది, నీ ఊరేందని అడుగుతున్నది.
రాయలే.

ఓదెలు గుమ్మంకాడ చెప్పులేసుకుంటున్నడు.
కింద ఎవరో చుట్టిన మోటరుకు కరెంటిచ్చిండ్రు.
ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిల,
ఆగి విన్నడు.
"బుష్ పోయింది" అన్నడు,
ఎవ్వలూ అడగకున్నా.