చేబదులు

పొయ్యి మంగళవారం వచ్చింది.
ఇద్దరు మనుషులు, ఒక తోపుడు బండి, బోలెడన్ని బూతులు.
నూటముప్ఫై కిలోల ఇనుము
గడప దగ్గర కాసేపు ఆగింది,
ఇల్లు నచ్చుతుందో లేదో చూసుకుంటున్నట్టు.

పొగగొట్టం తుడవడానికి ఉర్మస్ వచ్చాడు,
గొలుసుకు వేలాడే ఇనుపగుండుతో, మసిపట్టిన టోపీతో.
పైనుంచి బకెట్టెడు పుల్లలు దించాడు. కాకి గూడు.
అందులో ఎవరిదో కోటు బొత్తాం, వెండి కాగితం,
పాత ఫెర్రీ టిక్కెట్టు ముక్క.
ఇరవయ్యేళ్లు కరెంటు హీటర్లతో బతికిన ఇల్లు మాది.
నెత్తిమీద ఇంకో సంసారం నడిచిందని తెలియనే తెలియదు.
హీయుమా ఫెర్రీలో టిక్కెట్లు చింపేది నేనే కాబట్టి
పిరెత్ పడీపడీ నవ్వింది:
"అమ్మా, కాకి కూడా నీ ప్యాసింజరే!"

పోయిన జనవరి సంగతి చెప్పలేదు కదూ.
మంచు తుఫానుకి తీగలు తెగి
ఐదు రోజులు దీవంతా చీకటి.
నేనూ పిరెత్ ఒకే దుప్పట్లో,
మా ఊపిరి మాకే కనబడుతూ.
గోడమీద హీటరు తెల్లగా, శుభ్రంగా,
చచ్చిన చేపలా.

కొత్త పొయ్యికి ముందు మూడు చిన్న మంటలు వెయ్యాలట,
పూసిన రంగు గట్టిపడడానికి.
ఆ కంపుకి కిటికీలన్నీ బార్లా తెరిచి
అక్టోబరు గాలిలో, కోట్లు తొడుక్కుని,
ఇల్లు వెచ్చబెట్టుకున్నాం.
పోస్టమ్మాయి ఆగి చూసి
ఏమీ అడక్కుండా సైకిలెక్కింది.

సెప్టెంబరంతా కట్టెలు నేనే కొట్టాను.
ఆల్డర్ మొద్దు గొడ్డలికి తెల్లగా తెరుచుకుంటుంది.
టీ తాగి వచ్చేసరికి కోసిన చోటల్లా ఎర్రబారి ఉంటుంది.
సిగ్గో కోపమో, నేను అడగలేదు.
బర్చ్ బెరడు కాగితంలా ఊడివస్తే
బూట్ల పెట్టెలో దాచాను, అంటించడానికి.
షెడ్డు గోడ పొడవునా భుజాలెత్తు పేర్చి
దూరంగా నిలబడి మురిసిపోయాను,
పాఠం తప్పుల్లేకుండా అప్పజెప్పిన పిల్లలా.

చూడడానికి హెల్దుర్ వచ్చాడు, పక్కింటాయన, ఎనభైఒక్కటి.
రెండు పేళ్లు తీసి ఒకదానికొకటి కొట్టాడు.
థప్.
"పచ్చివి," అన్నాడు.
"ఇవి ఈ చలికాలానివి కావు. వచ్చేదానివీ కావేమో."

మొండిగా పెట్టి చూశాను.
కట్టె కొసల నుంచి నురగ, సన్నటి మూలుగు.
గంటలో పొయ్యి గాజు తలుపు నల్లబడింది.
ఆ మంట మమ్మల్ని కాదు,
చెట్టు తాగిన నీళ్లను వెచ్చబెడుతోంది.

మర్నాడు ట్రాక్టరు చప్పుడు.
ట్రాలీ నిండా హెల్దుర్ కట్టెలు,
రెండు వేసవులు చూసి నెరిసినవి,
కొసలు నక్షత్రాల్లా పగిలినవి.
తట్టి చూస్తే గాజు గ్లాసుల్లా మోగాయి.
డబ్బు తీశాను. ఈగను తోలినట్టు చెయ్యి విసిరాడు.
"చేబదులు. నీవి ఎండాక తిరిగిచ్చెయ్యి."
"రెండేళ్లు పడుతుంది కదా?"
"పడుతుంది."
అంతే. ఆయన టార్పాలిన్ విప్పుకుంటున్నాడు.
ఎనభైమూడు, అని నా మనసు లెక్కపెట్టేసింది.
సిగ్గుపడి కట్టెలు దించడంలో పడ్డాను.

ఆ రాత్రి గడ్డిమీద తొలిమంచు కరకరలాడింది.
పిరెత్ బెరడు అంటించింది.
ఇనుము టక్కు టక్కుమని ఒళ్లు విరుచుకుంది.
కాసేపటికి సాక్సులు విప్పేశాం ఇద్దరం,
ఏ పండగకీ విప్పనంత సంతోషంగా.

నిద్రపోయే ముందు టార్చి పట్టుకుని బయటికి వెళ్లాను.
షెడ్డు చివర మూడు వరసల మీద
సుద్దతో ఆయన పేరు రాశాను.
వాన చెరిపితే మళ్లీ రాస్తాను.
సముద్రం మీది గాలి పేళ్ల సందుల్లో దూరి
అవతలికి పోతోంది.
దాని పని అది మొదలుపెట్టింది.