తుంగా విలాస్‌లో ఒక రాత్రి

బ్యాంకు పంపితే వచ్చినాను.
అప్పు తీరని హోటలుకు వెల కట్టాలి.
పొద్దునకల్లా కాగితం నింపాలి.
రాత్రికి పండుకోవడానికి అదే హోటల్లో
బాడుగ లేని గది.

కర్నూలు పాతబస్తీ సందు చివర, నది వైపు వీపు పెట్టి
నిలబడింది తుంగా విలాస్.
బోర్డు మీద లగ్జరీలో "ల" ఎప్పుడో రాలిపోయింది.
మిగిలినదాన్ని చదవబోతే
నాలుక మెలికపడుతుంది.

హుసేనప్ప తాళంచెవి తెచ్చినాడు.
దానికి వేలాడే ఇత్తడి బిళ్ల
అరచెయ్యంత, అరసేరు బరువు.
"ఎవురూ జేబులో ఏసుకొని పోకుండా
అంత బరువు చేయించినారు సార్.
మంత్రులైనా మర్సిపోతారు గదా."

మూడేళ్లు ఈ ఊరు రాజధాని.
ఆఫీసులు గుడారాల్లో నడిచేవంట,
గాలి లేస్తే ఫైళ్లు హంద్రి దిక్కు ఎగిరేవంట.
అక్కడ డేరాలో గుమాస్తా,
ఇక్కడ దోమతెరలో పెద్దమనిషి.
ఇద్దరిదీ గుడ్డ ఇల్లే.
కుట్టు మాత్రం వేరు.

"ఈ పరుపులన్నీ మా నాయన ఏకినవే,"
దుప్పటి దులుపుతా అన్నాడు హుసేనప్ప.
"నంద్యాల పత్తి సార్.
వెనక దొడ్లో దూది ఏకే విల్లు,
మేడమీద టైపు మిషన్లు.
ఏ సద్దు ఏదో తెలిసేది కాదంట.
మా నాయన చెప్పేవాడు,
నేనూ గవర్నమెంటులోనే పనిచేసినా అని."

పోయేటప్పుడు బీరువాలు పోయినాయి,
బల్లలు పోయినాయి,
టైపు మిషన్లు గోనెపట్టలు కప్పుకొని పోయినాయి,
సిరాబుడ్లు కూడా లెక్కపెట్టి తీసుకపోయినారు.
పరుపులు పోలేదు.
ఎవరెవరో పండుకొని పల్లాలు పడిన పరుపులు
హైదరాబాదులో ఎవరికి కావాల?

మెట్ల గోడ మీద, నా తలకన్నా జానెడు పైన
ఒక మట్టిరంగు గీత.
వేలు పెట్టి చూపించినాడు.
"కింద ఇరవై పరుపులు మునిగినాయి సార్ ఆ వరదకు.
నానిన పరుపు ఎంత బరువుంటాదో తెల్సునా?
ఒక్కోదానికి నలుగురం.
ఎవురూ మాట్లాడలే.
రాజధాని మూడేండ్లుండె, ఒక గీత పెట్టలే.
నీళ్లు మూడు దినాలుండె,
ఎన్నిసార్లు సున్నం ఏసినా పోలే."

స్నానాల గదిలో పులికాళ్ల మీద తొట్టి,
సీమ నుంచి ఓడలో వచ్చిందంట.
ఏ సీమ అని అడిగితే నవ్వినాడు:
"మన సీమ కాదులే సార్."
అందులో నిండా నీళ్లు, పైన ప్లాస్టిక్ చెంబు.
రెండు నదుల నడుమ ఊరు,
కొళాయి దినం మార్చి దినం.

రాత్రి నిద్ర పట్టలేదు.
పరుపులో ఒక పల్లం ఉంది,
నాకన్నా లావు మనిషిది.
ఎటు పొర్లినా అందులోకే జారుతున్నా.
అతనికీ నిద్ర పట్టలేదేమో.
ఊరు మారతాదని ముందే తెలిసి
ఇక్కడే పక్కకు తిరిగి
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టినాడేమో.
మూడే.

పొద్దున అంచు పగిలిన పింగాణీ పళ్లెంలో
ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు.
బజ్జీ కింద సగం చెరిగిన సింహం, నూనెలో తేలుతా.
ఎడమచేత్తో కాగితం నింపుతున్నా:
దోమతెరలు తొమ్మిది, చిరుగులతో.
తొట్టి ఒకటి.
తాళంచెవులు, ఇత్తడివి, పద్నాలుగు.
పరుపులు పద్నాలుగు. విలువ...
సున్నా పెట్టడానికి
ఇంత సేపు పట్టడం ఇదే మొదలు.

"మళ్లా రాజధాని వస్తాదంటనా సార్?"
నా కాగితంలో దానికి గడి లేదు.
చట్నీ అడిగినాను.

"ఎందుకైనా మంచిది, ఎండకేస్తా,"
అనుకుంటా మేడెక్కినాడు.
నేను ఆటో ఎక్కేదాకా
కట్టెతో పరుపును కొట్టే సద్దు,
దెబ్బ దెబ్బకూ లేచే
ఏండ్లనాటి దుమ్ము.

బస్సు డోన్ దాటినాక
భుజానికి సంచి కోసుకుంటాంటే
ఏందా ఇంత బరువని చెయ్యి పెట్టినాను.
చల్లగా, అరచెయ్యంత.

పక్కసీటాయన టైం అడిగినాడు.
నేను కాగితం తీసి
పద్నాలుగు కొట్టేసి
పదమూడు రాయాలా వద్దా అని
చూస్తా ఉన్నా.